అరుగు మీద అడిగితే

“అడిగేవాళ్ళకి పని లేదు, చెప్పేవాళ్ళకి సిగ్గు లేదు,” అన్నాడు గున్నేశ్వరరావు పడక కుర్చీలో కాళ్ళు చాపుకుంటూ. అన్నాడు గాని అరుగు మాత్రం ఇచ్చాడు. ఇవ్వకపోతే నర్సు ఎదురింటి అరుగెక్కుతుంది, పరువూ ఆమె వెంటే పోతుంది. పోలియో చుక్కలైనా, కళ్ళ పరీక్షలైనా ఆ వీధిలో జరిగేది ఆయన అరుగు మీదే. ఈసారి వచ్చింది మనసు పరీక్ష. పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు పెనుగొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతున్నారు. దిగులు, బెంగ పట్టుకున్న ఆడవాళ్ళని ముందుగా కనిపెట్టి మందిస్తారట. ఆయన భార్య సూర్యకళకి ఆ సంగతి ముందు రోజు తెలిసింది, కాఫీ ఎంతమందికి కలపాలో చెప్పినప్పుడు.

వంటింట్లోంచి వింటోంది. నర్సు లక్ష్మీప్రసన్న మంచి పిల్లే, మెత్తగానే అడుగుతోంది.

“రాత్రిళ్ళు నిద్ర పడుతోందా పాపాయీ?”

“ఆయ్, బాబుగారి దయవల్ల పడతందండి.”

పాపాయి గున్నేశ్వరరావు చేలో ఊడ్పులకి వెళుతుంది. మొగుడు కొట్టిన చెంప కమిలి ఉంటే దాన్ని కొంగుతో కప్పుకుని, బాబుగారు కూర్చున్న కిటికీ వైపు చూసి ఆ మాట చెప్పింది. తరవాత వచ్చినవాళ్ళూ ఒకరి వెనక ఒకరు బాగానే ఉన్నారు. వీధి వీధంతా బాగానే ఉంది.

సూర్యకళ కాఫీ గ్లాసుల పళ్ళెంతో వచ్చేసరికి, “మీరూ కూర్చోండి,” అంది నర్సు. ఆమె కూర్చునే లోపలే అత్తగారు మహాలక్ష్మమ్మ గుమ్మంలో పీట వేసుకుంది.

“ఆకలి బాగా వేస్తుందాండీ?”

“ఆకలికేం లోటమ్మా. మా అందరివీ అయ్యాక గిన్నెలన్నీ ఊడ్చుకునే తింటుంది,” అంది అత్తగారు.

“ఊరికే ఏడుపొస్తుందా?”

“ఉల్లిపాయలు తరిగితే వస్తుంది.”

అరుగంతా నవ్వింది. చివరి ప్రశ్నకి నర్సు గొంతు తగ్గించింది.

“బతకడం ఎందుకు అని ఎప్పుడైనా అనిపించిందా?”

తగ్గించినా లోపలికి వినబడింది. “చావడానికి దానికి తీరికెక్కడిదండీ?” అన్నాడు గున్నేశ్వరరావు. పాపాయి తప్ప అందరూ నవ్వారు. నర్సు కూడా కొంచెం నవ్వి, లేదు అని రాసుకుంది.

సూర్యకళకి ఒళ్ళు మండింది. మొగుడన్న ఆ మాట అబద్ధమైతే ఇంత మండేది కాదు. అట్లతద్ది వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం బిందె పట్టుకుని కాలవ రేవుకి వెళ్ళింది. బిందె మెట్టు మీద పెట్టి నీళ్ళలోకి దిగింది. నడుం దాకా వచ్చాయి, గుండెల దాకా వచ్చాయి. ఆ రోజు పెద్ద గొడవేమీ కాలేదు. కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడు, అంతే. పెళ్ళయిన కొత్తలోనూ తోశాడు. తోసి, ఎత్తి కడిగేదాకా చూసి, “నీకేం తక్కువే ఈ ఇంట్లో?” అని అడుగుతాడు. అడిగి జవాబు కోసం ఆగడు. ఆ నీళ్ళలో నిలబడితే పిల్లలు గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. పాలు తోడు పెట్టలేదని గుర్తొచ్చింది. పొద్దున్న పెరుగు లేకపోతే ఆయన చద్దన్నం ముందు కూర్చుని అరుస్తాడని గబగబా వెనక్కొచ్చి, తడి చీర మార్చుకోకుండానే పాలల్లో చెంచాడు మజ్జిగ వేసింది. చచ్చిపోతే ఆ అరుపులు తనకి వినబడవని కూడా తట్టలేదు. అంత బాగా పని నేర్పారు ఈ ఇంట్లో.

నర్సు చెప్పులు వేసుకుంటుంటే సూర్యకళ ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపింది.

“మీరు అరుగుని అడిగారండి, అరుగు చెప్పింది,” అంది చిన్నగా. “రేపు పొద్దున్నే ఆడవాళ్ళ రేవుకి రండి. అక్కడికి మగాళ్ళు రారు. అత్తయ్యగారు మెట్లు దిగలేరు.”

“ఏంటే గుసగుసలు?” అంది మహాలక్ష్మమ్మ.

“పంచదార సరిపోయిందా అని అడుగుతున్నానండి.”

ఆ సాయంత్రం పాలు గోరువెచ్చగా చల్లారాయి. తోడు మజ్జిగ పక్కనే ఉంది. సూర్యకళ దాన్ని కాసేపు చూసి, పాల మీద మూత పెట్టి వచ్చేసింది. మర్చిపోయి కాదు.

తెల్లవారాక రేవులో నలుగురైదుగురు ఆడవాళ్ళతో పాటు పాపాయి బట్టలు బండకేసి బాదుతోంది. చెంప కప్పుకోలేదు. సూర్యకళ మెట్లు దిగడం చూసి బాదడం ఆపింది.

“ఏంటండమ్మగారూ, బిందె లేదు, బట్టలు లేవు? ఉత్త చేతులతో వచ్చేరు?” అంటూనే లేచి, ఆమెకీ నీళ్ళకీ మధ్య అడ్డంగా నిలబడింది.

“కంగారు పడకే. కూర్చుందామని వచ్చాను,” అని సూర్యకళ తడి లేని మెట్టు చూసుకుని కూర్చుంది. గట్టు మీద నర్సు చెప్పులు చేత్తో పట్టుకుని వస్తోంది. వచ్చి పక్కన కూర్చుంది.

“చివరిదే ముందు అడగండి,” అంది సూర్యకళ.

నర్సు అడిగింది.

“అనిపించిందండి. ఇక్కడే.”

పాపాయి తల దించుకుంది. బట్టలుతికేవాళ్ళంతా చేతులు ఆపారు. ఇంటి దగ్గర గున్నేశ్వరరావు చద్దన్నం ముందు కూర్చుని పెరుగు కోసం అరుస్తున్నాడు. ఆ అరుపు కాలవ దాకా వినబడుతోంది. సూర్యకళ లేవలేదు.

“తరవాతది అడగండి,” అంది.