ఉమ్మడి బెల్టు

పంపకాల్లో కారు ఇంజను పైచక్రం మా అన్నయ్యకి వెళ్లింది, కిందిచక్రం నాకొచ్చింది. ఇంటి నడిమధ్య లేచిన గోడ వరండా మెట్లు దిగి, వాకిట్లో కారు వెనక అద్దంలోంచి లోపలికి దూరి, సీట్ల మధ్య నిలువుగా నడుస్తుంది. ఇంజను దగ్గరికొచ్చేసరికి అలసిపోయి అడ్డంగా పడుకుంటుంది. దాని పైనున్నదంతా వాళ్లది, కిందున్నదంతా మాది. తాపీమేస్త్రి మంచి పనివాడు, ఎక్కడా చిన్న పగులైనా లేదు.

పాతికేళ్ల నాటి చిన్న కారు. గోడలో జానెడు సందుంది. ఆ సందులోంచి పళ్లున్న రబ్బరు బెల్టు ఒకటి రెండు చక్రాలనీ కలుపుతూ తిరుగుతుంది. టైమింగ్ బెల్టంటారు. దేవుడి గదిలో గంట ఒకరికీ, గంట నాలుక ఇంకొకరికీ పంచిన పెద్దమనుషులు దీన్ని మాత్రం మర్చిపోయారు. అందుకని ఇది ఇప్పటికీ ఉమ్మడే. కిందిచక్రం రెండుసార్లు తిరిగితే పైచక్రం ఒక్కసారి తిరుగుతుంది. మా ఇంట్లో మొదటినుంచీ ఇదే న్యాయం. నాన్న మంచాన పడ్డ నాలుగేళ్లూ ఆసుపత్రుల చుట్టూ తిరిగింది నేను. వాడు ఎప్పుడైనా వచ్చి ఒక చుట్టు తిరిగి, నలుగురికీ కనిపించి వెళ్లేవాడు.

గోడ లేవకముందు అన్నయ్యని ‘ఆయన’ అనేవాణ్ణి. లేచాక ‘వాడు’ అయ్యాడు. వాడి పేరు నూకరాజు, నా పేరు గవర్రాజు. ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. ఈ ఇంటి అక్షరం ఆ ఇంటికి వెళ్లకూడదని, ఆ ఇంటిది ఇక్కడికి రాకూడదని పచ్చి గోడ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. దగ్గునీ తుమ్మునీ కూడా ఒట్టులో కలిపాం.

ఉదయం కాకినాడ ఆసుపత్రి నుంచి సత్యవేణి అక్క ఫోను. అమ్మ పోయాక మా ఇద్దర్నీ సాకింది అక్కే. ఒక చెవి దగ్గర నా ఫోను, రెండో చెవి దగ్గర వాడి ఫోను పెట్టుకుని, మధ్యలో ఒక్కసారే మాట్లాడుతుంది.

“ఇద్దరూ ఒకే కారులో రండిరా. ఒక మాట చెప్పాలి.”

వెంటనే డాక్టరు అందుకుంటాడు. “అమ్మగారికి ఇంక ఇరవై మాటలే మిగిలాయండి. చూసి వాడుకోమన్నాం. మీరు తొందరగా బయల్దేరితే మంచిది.” మందులచీటీ చదివినంత మామూలుగా చెప్పి పెట్టేస్తాడు.

నేను వెళ్లి బెల్టు చూస్తాను. మూడు పళ్లు ఊడిపోయాయి, వీపంతా బీటలు. ఇలాగే వెళితే ఊరి పొలిమేరలో తెగుతుంది. తెగితే ఇంజను లోపల ఒకదాన్నొకటి గుద్దుకుని అన్నీ నాశనమవుతాయి. తలుపు వెనక మేకుకి కొత్త బెల్టు రెండేళ్లుగా వేలాడుతోంది. తీసి భుజాన వేసుకుంటాను.

“ఏవండీ, సందు చివర ఆటోలున్నాయి కదా. ఇద్దరూ ఆటో ఎక్కి ఎల్లిపోండి,” అంటుంది మా ఆవిడ లోవలక్ష్మి.

“అక్క కారులో రమ్మంది. అయినా ఆటోలో అయితే వాడి మోకాలు నా మోకాలికి తగుల్తుంది. కారులో మధ్యన గోడుంటుంది.”

“ఓరి నాయనో!” అని లోవలక్ష్మి నుదురు కొట్టుకుంటుంది.

జాకీ ఎత్తి, కుడివైపు ముందుచక్రం విప్పి, గోనె పరుచుకుని కారు కింద పడుకుంటాను. కింది పుల్లీ బోల్టు ఆరేళ్ల పౌరుషంతో బిగిసిపోయి ఉంది. పానాకి ఇనప గొట్టం తొడిగి కాలితో తంతే గానీ కదలదు. గోడకవతల బ్యాటరీ వైరు విప్పుతున్న చప్పుడు. వాడూ పని మొదలెట్టాడన్నమాట. సందులోంచి వాడి చెయ్యి కనిపిస్తుంది. వేలికి నాన్న ఉంగరం. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండుతుంది, గోడ ఒక వరస ఇటుకలు పెరుగుతుంది.

పాత బెల్టు ఊడొస్తుంది. ఇప్పుడు నా చక్రం మీది గీతా, వాడి చక్రం మీది గీతా ఒకే క్షణాన వాటి వాటి గుర్తులకి ఎదురుగా నిలబడాలి. అప్పుడే కొత్తది ఎక్కించాలి. ఒక పన్ను అటూ ఇటూ అయితే బండి బతకదు. వాడి చక్రం ఒక పన్ను ముందుకుంది. కింద పడుకున్న నాకు స్పష్టంగా కనిపిస్తోంది, పైనున్న వాడికి కనపడదు.

“నేనెల్లి మీ బావగారికి ఓ మాట చెప్పొస్తానుండండి,” అంటుంది లోవలక్ష్మి. కంగారులో ఆవిడకి వరసలు తప్పుతాయి, వాడు ఆవిడకి బావ, నాకు కాదు.

“నా ఇంట్లోంచి ఒక్క అక్షరం గోడ దాటిందా, ఊరుకోను!”

అక్క ఒట్టులో లేదు. అక్క రెండిళ్ల మనిషి. అక్కకి ఫోను కలుపుతాను. “అక్కా, వాడికి చెప్పు. చక్రం ఒక పన్ను వెనక్కి తిప్పమను.”

 అక్క ఊపిరి తీసుకుని అంటుంది. “ఒక పన్ను వెనక్కి.”

నా తలకి జానెడు ఎత్తులో పైచక్రం ఒక పన్ను వెనక్కి తిరుగుతుంది. పదిహేడు.

ఈసారి వాడి గొంతు. సందులోంచి, చెవిలో చెప్పినంత దగ్గరగా వినిపిస్తుంది. “అక్కా, బెల్టు నావైపు వదులుగా ఉందే. కిందికి లాగమను ఆడిని.” నేను విన్నాను. బెల్టు నా చేతిలోనే ఉంది. కానీ వాడు ఆ మాట నాతో అనలేదు. అందుకని నేను లాగను. కొత్త రబ్బరు వాసన పీలుస్తూ ఎదురుచూస్తాను.

“లాగు నాన్నా,” అంటుంది అక్క.

లాగుతాను. లోవలక్ష్మి మెట్టు మీద కూర్చుని వేళ్లు మడుస్తోంది. “పదిహేనండీ! నాన్నా అనక్కర్లేదు ఆవిడ. ఉండబట్టలేక అంది. మీ పౌరుషం మండిపోనూ, ఆవిడ నోరంతా మీ బెల్టుకే పోతోందండీ!”

నాకు తెలుసు. తెలిసే చేస్తున్నాను. వాడు ఒక్కసారి సందులోకి వంగి ‘ఒరేయ్ గవర్రాజూ’ అంటే అయిపోతుంది కదా, పెద్దవాడు కదా అని నా ఉక్రోషం.

“అక్కా, ఆడి గీత తప్పు. ఆడికి చిన్నప్పట్నుంచీ చూపానదని చెప్పు!”

“నాకు చూపు బాగానే ఉందని చెప్పక్కా. నాన్న వేలి ఉంగరం ఎవరు లాక్కోబోయారో కూడా చూశానని చెప్పు!”

“ఒరేయ్, ఆపండ్రా ఇద్దరూ!”

పన్నెండు. గోడకి చెవులుంటాయంటారు. ఉంటే మాత్రం ఏం లాభం, నోరు లేదు.

మేం ఆపుతాం. తిట్టుకోవడం ఆపుతాం గానీ ఒట్టు మాత్రం వదలం. పని నడుస్తుంది. అక్క చెబుతూ ఉంటుంది, ప్రతి మాటకీ ముందు కొంచెం ఎక్కువసేపు ఆగుతూ. “కొంచెం ముందుకి.” తర్వాత “చాలు.” తర్వాత “టెన్షనర్ బిగించమంటున్నాడు.” బెల్టుని బిగువుగా పట్టి ఉంచే ఆ చిన్న చక్రాన్ని బిగిస్తాను. బెల్టు వేలితో మీటితే సన్నగా మోగుతుంది, సరిగ్గా ఉంది. అక్క మాటలు అయిపోతున్నా పని మాత్రం బాగా కుదురుతోంది. అదే నాకు సిగ్గుగా ఉంది.

“రెండు చుట్లు తిప్పి చూడమంటున్నాడు.”

నాలుగు మాటలు! స్టార్ట్ చేసేముందు పానాతో రెండు చుట్లు తిప్పి గీతలు చూసుకోవాలని నాకు వాడు నేర్పాలా? తిప్పుతాను. రెండు చుట్లు తిరిగి గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి నిలబడతాయి.

“సరిపోయిందా?” అక్క అడుగుతుంది. అది వాడి ప్రశ్న. వాడు సందులోకి మొహం పెట్టి మరీ అడిగాడు, వాడి చుట్ట కంపు నాకు తెలుస్తోంది. అవునన్నట్టు నేను తలూపినా చాలు. ఊపను.

“సరిపోయిందని చెప్పక్కా.”

“సరిపోయింది.”

“ఒక్కటే ఉందండీ!” లోవలక్ష్మి మెట్టు మీంచి లేచి అరుస్తుంది. “ఇంక ఫోను ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను!”

నేను ముట్టుకోను. స్టీరింగు వాడి వాటా, తాళంచెవి నా వాటా. చక్రం బిగించి, జాకీ దించి, ఎడమ సీట్లో కూర్చుని, పంపకాల్లో నావైపుకి మార్చిన కన్నంలో తాళం పెట్టి, వాడేమైనా అంటాడేమోనని చూస్తాను. గోడకవతల వాడి గొంతు. “స్టార్ట్ చెయ్యమనవే ఆడిని.”

“చెయ్యి,” అంటుంది అక్క.

ఇంజను అర చుట్టుకే అందుకుంటుంది. కొన్న రోజున కూడా ఇంత మెత్తగా పలకలేదు. ఒక్క నిమిషం నాకు పట్టరాని సంతోషం. “అక్కా, విన్నావా?” అని ఫోనులోకి అరుస్తాను. ఫోనులో ఊపిరి ఉంది, అంతే. లోవలక్ష్మి చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోతుంది. నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దారంతా వాడు స్టీరింగు తిప్పుతాడు, నేను తాళంచెవి మీంచి చెయ్యి తియ్యను. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ గోడని లోపలికి రానివ్వడు, పార్కింగులో వదిలి రమ్మంటాడు. వదిలేసి మెట్లెక్కుతాం. మధ్యలో ఏమీ లేకుండా వాడి పక్కన నడవడం చలేసినట్టుగా ఉంది.

అక్క మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి మొహం విప్పారుతుంది. వాడు అటు, నేను ఇటు కూర్చుంటాం. “ఏదో చెప్పాలన్నావు కదే,” అంటాడు వాడు. “ఏం చెప్పాలనుకున్నావక్కా?” అంటాను నేను. అక్క నోరు తెరుస్తుంది. నాలుకుంది, పళ్లున్నాయి, మాట లేదు. సిగ్గుపడినట్టు నోరు మూసేస్తుంది.

తర్వాత పక్కనున్న పెరుగన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుంటుంది. కలిపి, ఒక ముద్ద చేసి, దాన్ని సగానికి విడదీస్తుంది. ఒక సగం వాడి నోట్లో పెడుతుంది, ఒక సగం నా నోట్లో.

నోట్లో పడ్డది అన్నం కాదు. మాట. డాక్టరు లెక్కకి అందకుండా అక్క మెతుకుల్లో దాచుకున్న మాట, సగం. మిగతా సగం వాడి బుగ్గలో ఉంది. ఇద్దరం ఒకేసారి నోరు తెరిస్తే అది వినిపిస్తుంది. ఇది మాకెవరూ చెప్పలేదు, కానీ ఇద్దరికీ తెలుసు. అక్క వాడి పెదాలు చూస్తుంది, నా పెదాలు చూస్తుంది.

ముందు వాడు తెరవాలి. పెద్దవాడు వాడు. వాడు నావైపు చూస్తున్నాడు. చిన్నవాడు వీడే తెరవాలని చూస్తున్నాడు. మాట నోట్లో నానుతోంది, అంచులు కరుగుతున్నాయి, తియ్యగా ఉంది. నేను పళ్లు బిగిస్తాను. నీళ్లూరి గొంతు నిండుతుంది. మింగేస్తాను. వాడి గొంతులో కూడా గుటక పడుతుంది.

నా పొట్టలోంచి అక్క గొంతు మొదలవుతుంది, వయసులో ఉన్నప్పటి గొంతు. వాడి పొట్టలోంచి కూడా. ఒకటి అంటుండగానే రెండోది అడ్డమొస్తుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. నర్సు వచ్చి మా చొక్కాలు పైకెత్తి, చెవి ఆనించి విని, “ఏడుస్తోందండీ,” అంటుంది. అక్క పళ్లెం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక చెయ్యి వాడి పొట్ట మీదా ఒక చెయ్యి నా పొట్ట మీదా వేసి, తన గొంతుని తనే జోకొట్టి నిద్రపుచ్చుతుంది.