నోటీసు బోర్డు నా వంటింటికొచ్చింది

మా దేశంలో పొలం అమ్మాలంటే ఆ సంగతి ముందు తాలూకా ఆఫీసు నోటీసు బోర్డుకెక్కాలి. నెల రోజులు అక్కడ ఉంటే పక్క పొలం రైతుకు చెప్పినట్టే లెక్క. కొంటానని ఆ లోపల రాసివ్వకపోతే అందరికంటే ముందుగా కొనుక్కోడానికి రైతుకున్న హక్కు పోతుంది. పక్కింటికొచ్చి ఒక మాట చెప్పక్కర్లేదన్నమాట. ఈ చట్టం ఎవరు రాశారో గాని, వాళ్లకు తేనెటీగలు లేవని మాత్రం చెప్పగలను.

నాకున్నాయి. మా తేనెపెట్టెల కొట్టాన్ని ఆనుకుని పొరుగింటి పెప్‌త్సా అత్త పచ్చికబీడు ఉంది. దాని అంచున లిండెన్ చెట్లున్నాయి. మా తేనంతా ఆ పువ్వుదే. అత్త పోయాక బీడు ఆమె మేనల్లుళ్ల పాలైంది. వాళ్లుండేది రాజధాని ల్యుబ్లియానాలో, మాతో మాటల్లేవు. దిగువనున్న మొక్కజొన్న ఆసామి ఆ బీడు మీద కన్నేశాడని ఊరందరికీ తెలుసు. అతని చేతికొస్తే చెట్లు కొట్టేస్తాడు, మందు చల్లుతాడు. నా ఈగలు ఒక్క వేసవి కూడా బతకవు.

ఆ భయంతోనే కంప్యూటర్లో ఫీడ్ రీడర్ పెట్టుకున్నాను. నేను చెప్పిన సైట్లలో కొత్తగా ఏం పడినా అదే తెచ్చి నా ముందు పెడుతుంది. తేనెటీగల వాళ్ల రాతలు, వాన కబుర్లు, అన్నీ పొద్దుటి కాఫీతో చదివేస్తాను. తాలూకా ఆఫీసు సైటుకు మాత్రం ఆ వసతి లేదు. ప్తుయి ఊళ్లో గోరజ్ద్ అనే ఆయనెవరో ఆ నోటీసులను ఫీడ్‌గా మార్చి, పైసా తీసుకోకుండా అందరికీ ఇస్తున్నాడు. దాన్నీ చేర్చుకున్నాను. ఎదుట పొయ్యి మీద పాలు పొంగినా నాకు కనబడదని మా ఆయన యెర్నేయ్ ఎగతాళి చేసేవాడు.

మే నెలలో నోటీసులు రావడం ఆగిపోయింది. హమ్మయ్య, ఎవరూ ఏమీ అమ్మడంలేదనుకున్నాను. ఫీడ్లు చదివేవాళ్లకు పట్టే తెగులిది. కొత్తది రాకపోతే లోకంలో కొత్తది లేదనుకుంటాం, దారి మూసుకుపోయిందేమోనన్న అనుమానమే రాదు.

జూన్‌లో ఒక ఉదయం నోటీసులన్నీ కుప్పగా వచ్చి పడ్డాయి. పైన గోరజ్ద్ రాసిన ముక్క: ఆఫీసువాళ్లు సైటు మార్చేశారు, అందుకే నా ఫీడ్ ఆగిపోయింది, క్షమించండి, ఇన్నాళ్లవీ ఇక్కడ పెట్టాను. ఆ కుప్పలో పెప్‌త్సా అత్త బీడు ఉంది. గడువు మర్నాటితో సరి.

కేకేస్తే యెర్నేయ్ గడ్డం సగం గీసుకున్న మొహంతోనే వచ్చాడు. తెరమీద చదివి, ఒక్క హాస్యమూ ఆడకుండా కారు తాళాలు తీశాడు.

"పద పద, తిరిగొచ్చాక గీసుకుంటాలే గడ్డం" అన్నాడు.

కనుమ దాటి ఆఫీసుకెళ్లి, కొంటామని రాసి సంతకం పెట్టాను. అక్కడి గుమస్తా ముద్ర వేస్తూ, ఇంత దూరంలో ఉండి మీకెలా తెలిసిందని ఆశ్చర్యపోయింది. మొక్కజొన్న ఆసామి కాగితం ఆమె దగ్గర ముందే ఉంది. బీడును ఆనుకున్నది మా పొలమొక్కటే గనుక మాదే పైచేయి అయింది. ఆకురాలే కాలానికి బీడు మా పేరనే ఉంది.

తేనె పంపడానికి గోరజ్ద్ ఇంటి చిరునామా అడుగుతూ, సంగతంతా ఈమెయిల్లో రాసి పంపాను. అట్టపెట్టెలో తేనె సీసాలు సర్దుతుంటే జవాబొచ్చింది. యెర్నేయ్‌కి పైకి చదివాను.

"అమ్మా, ఇలాంటి నోటీసు చూడకే మా అమ్మ కొనాల్సిన పక్క పొలం చేజారింది. ఆ కడుపుమంటతో ఈ ఫీడ్ మొదలుపెట్టాను. ఎంతమంది తెప్పించుకుంటున్నారో నాకు కనబడుతుంది. ఏళ్ల తరబడి ఒక్కరే. సైటు మారినప్పుడు ఇక మూసేద్దామనుకున్నాను. తీరా ఆ ఒక్కరికీ ఎక్కడో ఒక పొలం ఉందేమోననిపించి, కూర్చుని బాగుచేశాను. ఆ ఒక్కరు మీరేనన్నమాట."

నాకు ఏడుపాగలేదు. ముక్కూ మొహం తెలియని నాకోసం అంత చేసిన మనిషికి తేనె ఏమూలకని అన్నాను. యెర్నేయ్ కొట్టంలోకెళ్లి, మేం ఇంటికని దాచుకున్న సీసాలు కూడా తెచ్చి పెట్టెలో పెట్టాడు.