అక్క పేరు మీద బాప్తిస్మం

ఆ ఆదివారం పెనుకొండ చర్చిలో రొట్టె పళ్లెం తన ముందుకు వచ్చినప్పుడు మునెమ్మ చేయి చాపలేదు. పక్కన కూర్చున్న యశోదమ్మ మోచేత్తో పొడిచింది. అయినా చాపలేదు. పళ్లెం ముందుకు సాగిపోయింది. బడిపిల్లల హాస్టల్లో వంట చేసే మునెమ్మ, జ్వరంతో కూడా ప్రభు భోజనం తప్పని మనిషి. అట్లాంటిది ఇదే మొదలు.

దీనికంతా కారణం ఆనాటి ప్రసంగం. కొత్తగా వచ్చిన అయ్యగారు చిన్నవాడు, మెత్తనివాడు. ఎవరినీ భయపెట్టాలని మాట్లాడే మనిషి కాదు. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్లను ఏర్పరచుకున్నాడనీ, మనలో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడనీ చెప్పాడు. అందరికీ కడుపు చల్లబడింది. మునెమ్మకు మాత్రం గుండె జారిపోయింది. పేరు పెట్టి పిలిచాడంటే, ఏ పేరు పెట్టి?

ఎందుకంటే మునెమ్మకు మునెమ్మ అనే పేరు మీద బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం అయినవాళ్లకే ఆ రొట్టె.

అది 1934 నాటి సంగతి, ముప్పై ఏండ్లు దాటింది. వాళ్ల నాయన పోతులయ్యది పరిగి దగ్గర పల్లె. ఆ కాలంలో అయ్యగారు హిందూపురం నుంచి ఎద్దులబండిలో ఏడాదికొక్కసారి వచ్చేవాడు. ఆయన వచ్చేలోపల ఊరి ఉపదేశి సాయంత్రాలు అందరినీ కూర్చోబెట్టి పాఠాలు నేర్పి, నేర్చుకున్నవాళ్ల పేర్లు ఇంటింటికీ ఒక చీటీ మీద రాసి పెట్టేవాడు. చీటీలో ఉన్న ఇంటివాళ్లంతా ఒకేసారి నిలబడాల. ఒకరు తక్కువైతే ఆ ఇంటి మొత్తానికీ మళ్లీ ఏడాదే. అదీ కట్టుబాటు.

పోతులయ్య ఇంటి చీటీలో మూడు పేర్లున్నాయి. ఆయన, ఆయన భార్య, పెద్దకూతురు కుళ్ళాయమ్మ. పదమూడేండ్ల కుళ్ళాయమ్మ పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన ఎక్కడా తడబడకుండా చెప్పేది. పదేండ్ల మునెమ్మకు ఒక్క ముక్కా రాదు. రెడ్డి గారి గొర్రెలు కాస్తూ ఆ దొడ్డి దగ్గరే పడుకునే పిల్లకు పాఠాలెవరు చెప్తారు?

తీరా బాప్తిస్మం రోజు తెల్లవారేసరికి కుళ్ళాయమ్మకు చలిజ్వరం. కంబళి కింద పండ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంత సంగటి తిని పోదామని అప్పుడే మునెమ్మ ఇంటికొచ్చింది. పోతులయ్య ఆ పిల్లను ఒకసారి చూశాడు, కంబళి వైపు ఒకసారి చూశాడు. పెద్దదానికని ఉతికిపెట్టిన తెల్లపావడా తీసి చిన్నదానికి కట్టించాడు.

"అయ్యగారు కుళ్ళాయమ్మా అంటే ఊ అను. ఇంకేం మాట్లాడొద్దు" అన్నాడు.

అయ్యగారు ప్రయాణంలో బాగా అలసిపోయి ఉన్నాడు. పాఠాలు పెద్దవాళ్లనే అడిగాడు. పిల్ల దగ్గరికి వచ్చి, "ఏసయ్య నీకేమవుతాడమ్మా?" అన్నాడు. మునెమ్మ దిక్కులు చూసింది. "మావోడే సామీ" అంది. అయ్యగారు నవ్వి, కుళ్ళాయమ్మా అని పిలిచి, ఆమె తల మీద నీళ్లు పోశాడు.

మరుసటేడు కుళ్ళాయమ్మ వంతు రావాల్సింది. రాలేదు. "దాని పేరు మీద అయిపోయింది గదా, ఒక పేరుకు రెండుసార్లు ఎట్లిస్తారు?" అంది తల్లి. ఇంట్లో అందరికీ అది సబబుగానే తోచింది. అడిగితే నాయన చేసిన పని బయటపడుతుందని ఎవరూ అడగలేదు. కుళ్ళాయమ్మ పెళ్లయి ధర్మవరం పోయింది. పోతులయ్య కిందటేడు పోయాడు, అయినా అక్కాచెల్లెళ్లిద్దరూ నోరు మెదపలేదు.

సోమవారం పొద్దున అయ్యగారు పెరట్లో చిక్కుడు పాదుకు నీళ్లు పోస్తుంటే మునెమ్మ వచ్చి, నిలబడినచోటే ఇదంతా చెప్పేసింది.

"నేను దొంగనయ్యా. ఏర్పరచుకున్నది మా అక్కను. దాని వాటా నేను తిన్నా."

అయ్యగారు బిందె కింద పెట్టాడు. "ఆ పొద్దు నీళ్లు ఎవరి తల మీద పడినాయమ్మా?"

"నా తల మీదే. చెవిలోకి కూడా పోయినాయి."

"మరింకేం?"

"పేరు అక్కది గదయ్యా."

"చీటీ రాసింది ఉపదేశి. పిలిచింది దేవుడు. ఆయనకు మొహం చూసి మనిషిని గుర్తుపట్టడం రాదంటావా?"

మునెమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది. "అయితే నాకు చెల్లుతాదా?"

"చెల్లుతుంది."

"మరి మా అక్కకు?"

"ఆమెకు ఇంకా కాలేదు, అంతే. ఎప్పుడైనా కావచ్చు. అక్కడి అయ్యగారికి ఉత్తరం రాసిస్తాను, తీసుకుపో."

ఆ మాటతో సగం బరువు దిగింది. మిగతా సగం దించడం అయ్యగారి చేతిలో లేదని మునెమ్మకు తెలుసు. "అక్క తినమనేదాకా నేను రొట్టె ముట్టనయ్యా" అని, ఉత్తరం తీసుకొని, ప్యాసింజరు బండెక్కింది.

ధర్మవరంలో కుళ్ళాయమ్మ ఒక నేతగాళ్ల ఇంటి వసారాలో రాట్నం ముందు కూర్చొని పట్టునూలు కండెలకు చుడుతోంది. చెల్లెల్ని చూసి నూలు తెగకుండానే పలకరించింది.

"ఏమే మునీ, చెప్పకుండా దిగినావు? ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు. నీది నీకిచ్చేద్దామని వచ్చినా."

"నాదేం ఎత్తుకపోయినావే? నా దగ్గరుంటే గదా!"

"బాప్తిస్మం."

రాట్నం ఆగింది.

"ఇన్నేండ్లలో ఒక్కసారన్నా అడిగినావా," అంది కుళ్ళాయమ్మ, "అక్కా, నువ్వు చర్చిలో యాడ కూర్చుంటాండావు అని?"

మునెమ్మ సంచీ కింద పెట్టి రాట్నం పక్కన కూలబడింది.

"కడపటి బెంచీలో. రొట్టె పళ్లెం వచ్చే ముందు లేచి బయటికి పోతా. నేనేదో పెద్ద పాపమే చేసినానని ఊరంతా అనుకుంటాది. పక్కింటి బాలనాగమ్మ అడగనే అడిగింది, ఏం చేసినావక్కా అని. జ్వరమొచ్చింది అని చెప్పినా."

మునెమ్మకు నవ్వొచ్చింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుళ్ళాయమ్మే ముందు నవ్వింది కాబట్టి సరిపోయింది.

"నా మీద కోపముందా అక్కా?"

"లేకుండా ఎట్లుంటాది? పాఠాలన్నీ నేర్చింది నేను. గొర్రెల వెనక తిరిగింది నువ్వు. నిన్ను పిలిచి నాకు చలిజ్వరం ఇచ్చినాడే అని చానాళ్లు ఏడ్చినా." కుళ్ళాయమ్మ చేతికంటిన నూలుపోగును విడదీసుకుంటూ గొంతు తగ్గించింది. "ఆ పొద్దు తడితలతో ఇంటికొచ్చి ఏం చేసినావో గుర్తుందా?"

"లేదక్కా."

"నా కంబళిలోకి దూరినావు. అక్కా, నీళ్లు చల్లగుండాయి, నీకూ రోంత అని నీ తల తెచ్చి నా నుదుటికి రుద్దినావు. ఒళ్లు నిప్పుల్లా కాలతాంటే అదెంత హాయిగా ఉండిందో. అంతటితో దేవుడు నన్ను మరిచిపోలేదనుకున్నా. లేకుంటే ఆ బెంచీలో కూడా కూర్చునేదాన్ని కాదు."

మునెమ్మ ఏడుస్తూనే సంచీలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది. అయ్యగారి మాటలు తనకు తెలిసినట్టు చెప్పింది. ఒక పేరుకు ఒకటే అన్న లెక్క మన ఇంట్లోదే తప్ప దేవునిది కాదట అంది. కుళ్ళాయమ్మ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఈ వయసులోనా? నలుగురి ముందర?"

"నేను పక్కన నిలబడతా."

"నిలబడు. ఈసారి నా కంటే ముందు తల పెట్టొద్దు. ఇంకొకటి, నువ్వు రొట్టె మానేస్తే నాకు కడుపు నిండతాదా పిచ్చిదానా? తిను."

"నీతో పాటే తింటా."

మూడో ఆదివారం ధర్మవరం చర్చిలో కుళ్ళాయమ్మను ఆమె పేరుతోనే పిలిచారు. ఆమె తల మీదే నీళ్లు పోశారు. ఆ తర్వాత ప్రభు భోజనం. ముందు బెంచీలో అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. కుళ్ళాయమ్మ రొట్టె ముక్క నోట్లో వేసుకొని కండ్లు మూసుకొని మెల్లగా నమిలింది. తర్వాత చెల్లెలి చెవి దగ్గరికి వంగింది.

"ఉప్పే లేదే దీంట్లో."

"అది అట్లే ఉంటాదిలే అక్కా" అని మునెమ్మ తన ముందుకొచ్చిన పళ్లెం వైపు చేయి చాపింది.