పదిహేడో నంబరు కోటు

రేపు అప్పీలు విచారణ అనగా, హత్య జరిగిన గంటలో ఆసుపత్రి లాండ్రీలో నింపిన ఆవిరి చార్టు మీద, ఆ హత్యకే యావజ్జీవం పడ్డ మనిషి చేతిరాత కనిపించింది.

లాయరమ్మ కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుంది. అరగంటకోసారి రాసిన వేడి అంకెలు. ప్రతి ఏడుకీ నడుం మీద అడ్డగీత. జైలు నుంచి అతను రాసిన ఉత్తరాలు పక్కన పెట్టి చూసింది. అదే గీత, అదే వంపు. కాని చార్టు పైన, నింపినవాడి కోటు నంబరు తొమ్మిది అని ఉంది. ముద్దాయిది పదిహేడు. తొమ్మిది అతని బావమరిదిది.

ఆ బావమరిది గుమ్మం అవతల బెంచీ మీద కూర్చుని అక్కని నవ్విస్తున్నాడు.

కింది కోర్టు తీర్పు నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ఆసుపత్రికి ఎదురు మేడ మీద బట్టలు కుట్టే ఆవిడ, స్టోర్ కీపర్‌ని పొడిచి పరిగెత్తినవాడి నీలం లాండ్రీ కోటు వీపు మీద పదిహేడు చూసింది. తర్వాత వరసగా నిలబెట్టినవాళ్లలోంచి పదిహేడో నంబరు మనిషిని చూపించింది. అప్పటికే అతని ఫొటో పేపర్లో వచ్చేసింది. అతనేమో ఆ రోజు సెలవు, ఇంట్లో ఒక్కణ్ణే పడుకున్నానన్నాడు. భార్య ఊళ్లో లేదు, చూసినవాళ్లు లేరు. నేరం జరిగిన చోట లేనని చెప్పుకున్నవాడే అది రుజువు చేసుకోవాలంది కోర్టు. పోలీసులు హాజరు పట్టీ తెచ్చారు. చార్టుని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అది ఈ మధ్యాహ్నమే లాయరమ్మ చేతికొచ్చింది.

సీనియర్‌కి ఫోన్ చేసింది.

"సాక్షి అబద్ధమాడిందని మాత్రం వాదించకు," అన్నాడాయన. "అంకె నిజంగానే చూసింది. మొహం తర్వాత అతికించుకుంది. ఆ కోటు వేసుకున్నదెవరో తేల్చు. లేకపోతే ఈ కాయితం ఇన్నేళ్లు ఏ అటక మీదుందని అడిగి పక్కన పడేస్తారు."

అక్కాతమ్ముళ్లని లోపలికి పిలిచింది.

"ఏంటి మేడం, జడ్జిగారు మీకే శిక్ష వేసినట్టు అలా ఉన్నారు?" అన్నాడు తమ్ముడు.

అక్క వాడి భుజం మీద ఒక్కటిచ్చింది. "నోరు ముయ్యరా. పరాచికాలకి వేళాపాళా లేదు నీకు."

"ఆ రోజు డ్యూటీలో ఉన్నది మీరేనా?" లాయరమ్మ అడిగింది.

"నేనే. పట్టీలో ఉంది కదా."

"డ్యూటీలు మార్చుకుంటుంటారా?"

"అబ్బే!"

"అబ్బే ఏంట్రా?" అక్క నవ్వేసింది. "వీడూ మా ఆయనా వారానికోసారైనా మార్చుకునేవాళ్లు మేడం. కోట్లతో సహా. సూపర్‌వైజర్ అద్దాల గదిలోంచి వీపుల మీద అంకెలు లెక్కపెట్టుకుంటాడంతే, మొహాలెవరు చూడొచ్చారు?"

"అక్కా, నీకెందుకే అవన్నీ!"

లాయరమ్మ చార్టుని ఆమె వైపు తిప్పింది. "ఈ రాత ఎవరిదమ్మా?"

"మా ఆయనది. ఏడుకి ఆ గీత పెట్టొద్దని పిల్లదాని హోంవర్కు దగ్గర రోజూ..." ఆమె వేలు తేదీ మీద ఆగింది. అక్కణ్ణుంచి టైము మీదకి జరిగింది. నవ్వు పోయింది. "అయితే ఆయన డ్యూటీకెళ్లాడు. వీడి కోటులో." తమ్ముడి వైపు తిరిగింది. "మరి ఆయన కోటు ఎవరి ఒంటి మీదుందిరా?"

వాడు లేచాడు. ఆమె అంతకన్నా ముందే వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో అక్కా. పనుంది."

"నిన్ను చంకనేసుకుని పెంచాను. నా మొహం చూసి చెప్పి వెళ్లు. రేపు ఆయన బయటికి రాకపోతే ఇంక రాడు."

"నేను మీ బావ లాయర్ని, మీ లాయర్ని కాను," అంది లాయరమ్మ. "ఆలోచించుకుని మాట్లాడండి."

వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"బతిమాలుకుందామనే వెళ్లానక్కా. దుప్పట్లు బయటికి చేరవేస్తున్నానని స్టోర్ కీపర్ పట్టేశాడు, మర్నాడు పైవాళ్లకి రాస్తానన్నాడు. మర్నాడు బావ డ్యూటీ నేను చెయ్యాలి, అందుకే ఆయన కోటు నా దగ్గరుంది. వేసుకునే వెళ్లిపోయాను. కాళ్లు పట్టుకుంటే నవ్వాడు. మూటలు కోసే కత్తి బల్ల మీదే ఉంది. తర్వాత కోటు తీగ మీంచి ఎవడో ఎత్తుకుపోయాడని బావకి చెప్పాను. డ్యూటీ మార్చుకున్న సంగతి పోలీసులకి చెప్పబోతే నేనే ఆపాను. దొంగ హాజరు బయటపడితే ఇద్దరం రోడ్డున పడతాం, ఇంట్లో ఉన్నానని చెప్పమన్నాను. శిక్ష పడ్డాక, అప్పీల్లో ఎలాగూ వదిలేస్తారన్నాను. నమ్మాడు. జైలుకి వెళ్లినప్పుడల్లా, చిక్కిపోయావేంట్రా అని నన్నే అడుగుతాడు. రాసుకోండి మేడం. పొడిచింది నేను."