మూతలావిడ ఇచ్చిన వివరణ

మా కొట్టులో మూతలు తప్ప ఇంకేమీ అమ్మం. గిన్నె కావాలని ఎవరైనా వస్తే పక్క వీధి చూపిస్తాను. స్టీలు మూతలు, అల్యూమినియం మూతలు, కుక్కరు మూతలు, కెటిల్ మూతలు, సీసా మూతలు, ఏ డబ్బావో ఆ డబ్బా చేసినవాడికి కూడా గుర్తుండని బుల్లి బుల్లి మూతలు, అన్నీ గోడలకి మేకులు కొట్టి సైజుల వారీగా వేలాడదీశాను. మా ఆయన బతికున్న రోజుల్లో పాత సామాన్లు కొని అమ్మేవాడు. గిన్నెలు ఎలాగోలా అమ్ముడుపోయేవి, మూతలు మాత్రం మూలన పడి ఉండేవి. ఆయన పోయాక వాటిని తూకానికి వేసేద్దామని మావాడు అంటే నేను ససేమిరా అన్నాను. ఆ పంతం మీద పెట్టిన కొట్టు ఇది. జనం మొదట్లో నవ్వారు. తరవాత వాళ్ళే గిన్నెలు చంకన పెట్టుకుని వచ్చారు.

మూత కోసం వచ్చేవాళ్ళెవరూ తలెత్తుకుని రారండీ. మూత పోయిందంటే ఇంట్లో ఎవరో ఎక్కడో పారేశారన్నమాట, దానికి ఇంకెవరో నాలుగు తిట్టారన్నమాట. గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెడతారు. "మొన్నటిదాకా అక్కడే ఉందండీ, ఏమైపోయిందో ఏమో" అని నసుగుతారు. అలా నసిగే మనిషి సరిగ్గా చూసుకోదు, చేతికి దొరికిన మూత పట్టుకుని పారిపోతుంది, మర్నాడు సరిపోలేదని తిరిగొస్తుంది. అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. మనిషి నోరు విప్పగానే, "అయ్యో రామ, ఇదేం చూశారు! మా ఇంట్లో ఇంతకన్నా ఘోరం!" అంటాను. అని ఓ ముచ్చట చెబుతాను. వాళ్ళు పకపకా నవ్వుతారు, స్టూలు లాక్కుని కూర్చుంటారు, నిదానంగా మూత పెట్టి తీసి చూసుకుంటారు.

ఆ ముచ్చట్లలో ఘోరాలన్నీ చేసేది మా కోడలు. పాలు పొయ్యి మీద పెట్టి పక్కింటికి కబుర్లకి పోయేది కోడలు. చెత్తతోపాటు మూతలు పారేసేది కోడలు. కుక్కరు మూత సరిగ్గా బిగించక వంటిల్లంతా చిందరవందర చేసింది కోడలు. అవన్నీ మా ఇంట్లో జరిగినవే. కాకపోతే చేసింది నేను. కొట్టు మీద కూర్చునే మనిషి తన మతిమరుపు తనే చాటుకుంటే ఎవరు లెక్కచేస్తారు చెప్పండి? అందుకని మనిషిని మార్చి చెప్పేదాన్ని. నేను మాడబెట్టిన గిన్నెలు మారుమాట్లాడకుండా తోమిపెట్టేది ఆ పిల్లే. అయినా తనకి తెలియదు కదా, తెలియనిదానికి నొప్పేముందిలే అనుకున్నాను.

మా కోడలు డే కేర్‌లో పని చేస్తుంది. ఉద్యోగాలకి పోయే తల్లులు పొద్దున పిల్లల్ని దింపి సాయంత్రం తీసుకుపోతారు. అందులో నెలల పిల్లల గది తనది. ఏడ్చే పిల్లని తను ఎత్తుకుంటే చాలు, ఇట్టే ఊరుకుంటుందట. ఆ గది గురించి చెప్పేటప్పుడు తన ముఖం వెలిగిపోయేది. ఏ పసివాడికి ఏ పక్కన పడుకుంటే నిద్ర పడుతుందో అన్నం తింటూ చెప్పేది. నేను సగం వినేదాన్ని, సగం వినేదాన్ని కాదు.

ఇంతలో ఓ రోజు కొట్టుకి ఒక అమ్మాయి ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. మూత ఆటోలో పడిపోయిందట, వాళ్ళమ్మ చంపేస్తుందట. నేను యథాప్రకారం మొదలుపెట్టాను. ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, తను పేపర్లో పనిచేస్తానని, మా కొట్టు గురించి రాస్తానని అంది. ఇక చూడండి నా సంబరం! గబగబా తల దువ్వుకుని మూతల మధ్య నిలబడి ఫొటో దిగాను. అడిగినవీ చెప్పాను, అడగనివీ చెప్పాను.

ఆదివారం పేపర్లో పడింది. "మూతల మహారాణి" అని ఇంత లావు అక్షరాలు. నేను ఫొటో చూసుకుని మురిసిపోతుంటే, కోడలు పక్కన నిలబడి కిందంతా చదివింది. చదివి ఒక చోట వేలు పెట్టింది. "మా కోడలికి పొయ్యి మీద ఏం పెట్టిందో గుర్తుండదు, నేను లేకపోతే కొంప ఎప్పుడో అంటుకునేది" అని నేను అన్నట్టు రాసి ఉంది.

"ఇదేంటత్తయ్యా, ఇలా రాశారు?" అంది.

"అదే నేనూ చూస్తున్నా," అన్నాను.

"మీరిలా అని ఉండరు."

"ఛ! నేనెందుకంటాను?" అన్నాను. అనేశాను. ఆ పిల్ల నన్ను నమ్మేసింది.

అంతటితో పోయినా బాగుండేది. మర్నాడు డే కేర్‌లో ఒక తల్లి ఆ పేపరు తెచ్చి, దాన్ని నడిపే పెద్దావిడ ముందు పెట్టిందట. పొయ్యి మీద పాలు మర్చిపోయే మనిషికి నా బిడ్డని అప్పజెప్పమంటారా అని అడిగిందట. ఇంకో ఇద్దరు ఆవిడకి వంత పాడారట. పెద్దావిడ మా కోడల్ని పిలిచి, సంగతి తేలేదాకా పిల్లల గదిలోకి రావద్దు, వెనక పక్క బట్టలుతకమంది. సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెప్పేటప్పుడు తను ఏడవలేదు. సబ్బు నీళ్ళకి వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి.

నేను ఇంతెత్తున లేచాను. "ఆ పేపరు పిల్ల సంగతి తేలుస్తా! వాళ్ళ ఆఫీసుకెళ్ళి నిలదీసి కడిగేస్తా!" అని కేకలేశాను. కేకలేస్తే నిజం కాస్త పక్కకి జరుగుతుందనుకున్నాను కాబోలు.

"అయితే పదండి," అంది కోడలు. "రేపు సెలవు పెడతాను. తప్పు రాశామని వాళ్ళచేత వేయిద్దాం." అప్పుడు చూడాలి నా ముఖం! పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది.

దారి పొడుగునా వెనక్కి తిరగడానికి ఏదో ఒక వంక వెతికాను. కాలు నొప్పన్నాను. వాళ్ళు పెద్దవాళ్ళు, మన మాట వినరన్నాను. "నేనున్నాగా అత్తయ్యా, మీరు భయపడకండి," అని నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

ఆఫీసంటే పెద్ద హాలు, బల్లలు, కంప్యూటర్లు. ముందు బల్ల దగ్గర కూర్చున్నావిడ నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడింది. ఆ ఫ్లాస్కు పిల్లని పిలిచారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఎడిటర్ గారు కూడా వచ్చారు. ఇక తప్పదని నేను గొంతు పెంచాను. "ఏమ్మా, మాకు అన్నం పెట్టే కొట్టు గురించి రాస్తానని చెప్పి మా ఇంటి పరువు తీస్తావా? నేననని మాటలు నా నోట్లో పెడతావా?"

ఆ పిల్ల తెల్లబోయింది. "అమ్మగారూ, మీరే కదండీ చెప్పారు..."

"నేనా? నేను చెప్పానా?"

ముందు బల్ల ఆవిడ నవ్వు ఆపుకోలేక అందుకుంది. "అయ్యో, ఎందుకు చెప్పలేదండీ! మా అమ్మ కుక్కరు మూతకని వచ్చినప్పుడు కూడా చెప్పారుగా. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఏదైనా మర్చిపోతే, మూతలావిడ కోడలిలా తయారయ్యావే అంటాం."

"మా అక్కకి వేరే చెప్పారు," అన్నారు ఎడిటర్ గారు నవ్వుతూ. "మీ కోడలు కొత్త గిన్నె మూతని చెత్తబుట్టలో వేసి, చెత్తని షెల్ఫులో పెట్టిందటగా!"

వాళ్ళు వెక్కిరించడం లేదు. ఇష్టంగా చెబుతున్నారు, నన్ను సంతోషపెడదామని చెబుతున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినంత పనైంది. పక్కకి చూసే ధైర్యం లేకపోయింది.

"ఇంకా ఏం చెప్పారండీ?" అని అడిగింది మా కోడలు. మెల్లిగానే అడిగింది.

"మీకు తెలియనివా ఏమిటి, మీరు ఈవిడగారి అమ్మాయేగా," అని ముందు బల్ల ఆవిడ మరో రెండు ముచ్చట్లు చెప్పింది. ఒక్కొక్కటీ నేను కొట్టులో ఎంత రాగం తీసి చెప్పానో అంత రాగం తీసి చెప్పింది. కోడలు చివరిదాకా వింది.

"అమ్మాయి కాదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఈ పిల్లే మా కోడలు."

ముందు బల్ల ఆవిడ ఏదో వెతుకుతున్నట్టు సొరుగు తీసింది. భూమి చీలితే బాగుండనిపించింది నాకు.

"మొత్తం అబద్ధమండీ," అన్నాను. "అవన్నీ చేసింది నేను. పాలు మర్చిపోయిందీ నేనే, మూతలు పారేసిందీ నేనే. పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, నన్ను బయటికి లాక్కొచ్చింది ఈ పిల్ల. తప్పు రాశామని వేయండి బాబూ, దీని ఉద్యోగం పోయేలా ఉంది."

ఎడిటర్ గారు కళ్ళజోడు దించుకున్నారు. "అమ్మా, మేం తప్పు చేస్తే సవరణ వేస్తాం. మా అమ్మాయి మీరు చెప్పిందే రాసింది. తప్పు చెప్పింది మీరు కదా." చివరికి ఆయనే జాలిపడి, నా పేరు మీద నా వివరణ వేస్తామన్నారు. ఫ్లాస్కు పిల్ల ఎదురుగా కూర్చుని టైపు చేస్తుంటే, ఎవరేం చేశారో మొత్తం ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది కోడలు. బయటికి చూస్తూనే అంది.

"పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు నన్ను చూసి నవ్వేవాళ్ళు అత్తయ్యా. నేను మీ కోడల్నని, మీ మీద ఇష్టంతో నవ్వుతున్నారనుకునేదాన్ని. నేనూ నవ్వేదాన్ని."

"తప్పయిపోయిందే తల్లీ," అన్నాను. తను నన్ను ఒక్క మాట తిట్టినా నా ప్రాణం కుదుటపడేది.

వివరణ పడింది. ఫొటో లేదు, లోపలి పేజీలో ఓ మూలన పడింది. ఆ రోజు కోడలు డే కేర్‌కి వెళ్ళలేదు, కబురు చేసేదాకా రావద్దన్నారట. ఇంట్లో ఒక్కతే ఉండలేక కొట్టుకొచ్చి మూతలు తుడుస్తోంది. నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం డే కేర్ పెద్దావిడే స్వయంగా వచ్చింది. పాలసీసాలు మరగబెట్టే గిన్నె ఒకటి తెచ్చింది, దానికి మూత కావాలట. చంకలో పేపరు మడిచి పెట్టుకుని ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"చదివారా అండీ?" అన్నాను ఆత్రంగా.

"చదివానమ్మా," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు! "మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. కోడలి ఉద్యోగం కోసం ఈ వయసులో ఇంత నింద మీ నెత్తిన వేసుకున్నారే! నేనూ అత్తనే, నావల్ల అయ్యేది కాదు."

"అయ్యయ్యో, నింద కాదండీ, నిజం! చేసింది నేనే!"

"అలాగేనమ్మా," అంది నా భుజం తడుతూ.

"నా మీద ఒట్టు. మావాడి మీద ఒట్టు. ఈ పిల్ల బంగారమండీ. పొయ్యి కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకోనిదే పడుకోదు." నేను ఒట్లు వేస్తున్నకొద్దీ ఆవిడ ఇంకా ప్రేమగా తలూపుతోంది. ఇన్నాళ్ళూ అబద్ధాలు చెబితే నమ్మని మనిషి లేదు. ఇప్పుడు నిజం చెబుతుంటే నమ్మే మనిషి లేదు.

"పిల్లల గది సంగతి మాత్రం..." అని ఆవిడ గొంతు తగ్గించింది. "తల్లులు ఒప్పుకోవడం లేదమ్మా. అత్తగారు ఇంతగా వెనకేసుకొస్తోందంటేనే లోపల ఏదో ఉందంటున్నారు. పసిపిల్లల వ్యవహారం కదా. వెనకాల పని ఉంది, అది ఎన్నాళ్ళైనా చేసుకోమనండి." ఆ మాటలు నాతోనే చెప్పింది, కోడలు రెండడుగుల దూరంలో ఉండగా.

కోడలు గిన్నె మూతి మీద ఒక మూత పెట్టి చూసింది, తీసి ఇంకొకటి పెట్టింది. అది సరిగ్గా కూర్చుంది. పెద్దావిడ అప్పుడు తన వైపు తిరిగింది.

"ఇలాంటి అత్తగారు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మాయ్."

"అవునండీ, పెట్టి పుట్టాలి," అంది మా కోడలు. అందులో కోపం లేదు, వెటకారం లేదు. మూతని కాగితంలో చుట్టి, గిన్నెలో పెట్టి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక, నా వైపు చూడకుండా తడిగుడ్డ తీసుకుని మళ్ళీ మూతలు తుడవడం మొదలుపెట్టింది.