వెనక సీటులో లోర్నా

అటు కాదు, ఎడమకి తిప్పు, కుడివైపు సందులో మంచు ఇంకా ఎత్తలేదు, అని నోటిదాకా వచ్చిన మాటని లోర్నా పళ్ళ మధ్యే ఆపేసింది, ఆపాలి, ఇవాళ ఈ వ్యానులో తను లేనట్టే లెక్క, వెనక సీటులో తన పక్కన భోజనం పెట్టెలు ఎలా ఉన్నాయో తనూ అలాగే, పెట్టెలు దారి చెప్తాయా, చెప్పవు, పొద్దున హారియెట్ వ్యాను తలుపు పట్టుకుని నిలబడి, ముప్ఫై ఏళ్ళు బడి నడిపి ఇప్పుడు ముసలివాళ్ళకి ఇంటింటికీ భోజనం పంపే తమ సంస్థ పాలకవర్గాన్ని నడుపుతున్న గొంతుతో చెప్పింది కదా, లోర్నా, నోరు తెరిచావంటే పరీక్ష తప్పినట్టే, మళ్ళీ వచ్చే ఏడాదే, అని, అది విని స్టీరింగు దగ్గర రెనే నవ్వు దాచుకుంది, ఆ రెనే ఇప్పుడు కుడివైపే తిప్పింది, చక్రం కాస్త జారి నిలదొక్కుకుంది, సందు చూస్తే శుభ్రంగా ఉంది, ఎవరో ఇసుక కూడా చల్లారు, అంటే తనకి తెలిసింది నిన్నటి సందు.

మూడు నెలలు, మార్చి ఒకటి నుంచి మే నెలాఖరు దాకా, ఒక ట్రస్టు జీతమిచ్చి మరీ పంపించే సెలవు, ఏళ్ళ తరబడి సేవా సంస్థలు నడిపి అరిగిపోయిన వాళ్ళ కోసమట, షరతులే విచిత్రం, ఆఫీసు తాళాలు ఇచ్చెయ్యాలి, ఫోను ఇచ్చెయ్యాలి, ఉత్తరాలు చూడకూడదు, ఎవరైనా పచారీ కొట్టులో కనబడి పని ఊసెత్తితే పాల డబ్బా పట్టుకుని అవతలి వరసలోకి పోవాలి, అన్నిటికంటే ముందు, తను లేకుండా సంస్థ నడుస్తుందని ఒకరోజు నడిపి చూపించాలి, ఇవాళే ఆ రోజు, ఎనభై రెండు ఇళ్ళల్లో ఒక్క ఇంటికి భోజనం అందకపోయినా సెలవు కాగితాల మీద నేను సంతకం పెట్టను అంది హారియెట్, సాయంత్రం అయిదుతో గడువు అయిపోతుంది, ఇది నీ ఒక్కదాని సెలవు అనుకోకు, రేపు నువ్వు మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే ఈ ముసలివాళ్ళ గతేమిటో ఇప్పుడే తెలుసుకుంటున్నాం అని కూడా అంది, ఆవిడకి సానుభూతి చూపించడం కూడా చీవాట్ల రూపంలోనే వచ్చు, సెలవు ఎందుకు కావాలి అని ట్రస్టు నుంచి వచ్చినామె అడిగితే అలిసిపోయానండీ అని చెప్పింది లోర్నా, అది సగం నిజం, మిగతా సగం నవంబరులో జరిగింది, మిసెస్ హాలరన్ పోయినప్పుడు, పన్నెండేళ్ళు రోజూ భోజనం పట్టుకెళ్ళిన మనిషి, చర్చిలో ఆమె శవపెట్టె ముందు నిలబడి, ఈవిడ దగ్గర మన డబ్బాలు నాలుగు ఉండిపోయాయి, కూతుర్ని అడగాలి, అనుకుంటూ, అనుకుంటున్నదేమిటో తన చెవికే వినబడి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, కళ్ళు పొడిగా మండాయి అంతే, ఆ రాత్రే దరఖాస్తు పెట్టింది, ఎవరికీ కారణం చెప్పలేదు, ఎలా చెప్తుంది.

వెళ్ళాలి, వెళ్ళి తీరాలి, అందుకే కదా జనవరి అంతా బుర్రలో ఉన్నదంతా దులిపి గోడకి అంటించారు, లోర్నాకి మాత్రమే తెలిసినవి అని పైన రాసి కింద పసుపు చీటీలు, నలభై మూడు తేలాయి, వంటింటి బాయిలర్ ఆగిపోతే ఎక్కడ తట్టాలో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఏ ముసలాయన ఆకలి లేదన్నాడంటే డాక్టరుకి ఫోను చెయ్యాలో, వంట చేసే మిర్నా అవన్నీ చదివి, ఇదంతా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నావా అమ్మాయ్, మెడ ఎలా నిలబడింది అంది, తరవాత ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో చీటీ పీక్కుని జేబులో పెట్టుకున్నారు, ఇది నాది, ఇది నాది అని, చీటీ ఊడినప్పుడల్లా భుజాలు తేలికవుతున్నాయి, కడుపులో మాత్రం ఎక్కడో ఖాళీ అవుతోంది, చివరికి గోడ మీద ఒకటే మిగిలింది, ఆర్విడ్ అని పేరు, దాని వంక చూసి ఎవరూ ముందుకి రాలేదు, అప్పుడు కడుపు నిండినట్టయింది, ఎందుకో అప్పుడు ఆలోచించలేదు, రెండు రోజుల తరవాత చూస్తే ఆ చీటీ కూడా లేదు, రెనే తీసుకుంది.

వ్యాను ఆగింది, ఆర్విడ్ ఇల్లే, కిటికీ సగం దాకా మంచు, గుమ్మం దాకా పార వెడల్పున దారి, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇనుప గనిలో పనిచేసిన చేతులు, ఇప్పటికీ తన దారి తనే తవ్వుకుంటాడు, అయిదేళ్ళ కింద భార్య పోయాక ఎవరికీ తలుపు తియ్యలేదు, ఎవరికీ, లోర్నా ఒక్కతే ఆ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి నాలుగు రోజులు మాట్లాడింది, అయిదో రోజు గడియ తీశాడు, అప్పట్నుంచీ ఆ ఇల్లు తనదే, సెలవు రోజైనా తనే, జ్వరం వచ్చినా తనే, ఒక్కసారి తుపానులో రెనేని పంపిస్తే తియ్యలేదు, సాయంత్రం తనే నడుం లోతు మంచులో వెళ్ళి ఇచ్చొచ్చింది, ఆ సంగతి పాలకవర్గం సమావేశంలో చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, ఇప్పుడు రెనే పెట్టె పట్టుకుని దిగింది, తలుపు తట్టాక రెండడుగులు వెనక్కి వెయ్యాలి, ఆయన కిటికీలోంచి మొహం చూస్తాడు, చెప్పలేదే, చీటీలో రాయలేదే, మర్చిపోయిందా, మర్చిపోలేదు, రాయలేదు, రెనే తట్టింది, గుమ్మానికి ఆనుకునే నిలబడింది, అలా నిలబడితే కనబడవు, తియ్యడు, లోర్నా అద్దం మీద ఆవిరి తుడిచింది, తియ్యకు, అనుకుంది, అనుకున్నాక తెలిసింది ఏమనుకుందో, తియ్యకు ఆర్విడ్, తియ్యకపోతే హారియెట్ సంతకం పెట్టదు, సెలవు లేదు, సోమవారం మళ్ళీ ఆ సందులోంచి తన గొంతే వినబడాలి, ఒక ముసలి మనిషి ఇవాళ తిండి లేకుండా ఉండాలని కోరుకుంటోంది తను, చేతి తొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది, మిసెస్ హాలరన్ శవపెట్టె ముందు నిలబడినదానికంటే ఇది చెడ్డది, ఆ రోజు మనసు మొద్దుబారింది, ఇవాళ మొద్దుగా లేదు, బాగా పదునుగా ఉంది.

తలుపు తెరుచుకుంది.

రెనే లోపలికి వెళ్ళింది, తలుపు మళ్ళీ మూసుకుంది, రెండు నిమిషాలు, నాలుగు, ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి, కూర చల్లారిపోతుంది, ఏం చేస్తోంది లోపల, పడిపోయాడా, దిగి వెళ్ళాలా, దిగకూడదు, ఏడు, తను ఎప్పుడూ రెండు నిమిషాలకి మించి ఉండలేదు, తొమ్మిది, పన్నెండు నిమిషాలకి రెనే బయటికి వచ్చింది, చేతిలో కాగితం పొట్లం, సీటులో కూర్చోగానే వ్యానంతా ఏలకుల వాసన, ఏలకుల రొట్టె, రెనే వెనక్కి తిరగలేదు, బండి తీయకుండా ముందు అద్దానికేసి చూస్తూ, ఈ వ్యానులో నేనొక్కదాన్నే కాబట్టి నాలో నేనే మాట్లాడుకుంటా, తప్పులేదుగా అంది, ఆయనే కూర్చోమన్నాడు, ఎల్మా వంటకం ఇప్పుడు తనే చేసుకుంటాడట, వచ్చేవాళ్ళకి పెడదామని రోజూ ఒక ముక్క కోసి ఉంచుతాడట, మీ లోర్నా నిలబడే ఉంటుంది, చేతిలో తాళాలు ఆడిస్తూ, పాపం ఆ పిల్లకి ఎన్ని పనులో, అన్నాడు, అంది, ఎల్మా, ఆయన భార్య పేరు, లోర్నా ఇప్పుడే వింటోంది, నాలుగు రోజులు సందులోంచి మాట్లాడింది గానీ ఆవిడ పేరు అడగలేదు, రెనే అద్దం తుడిచే వైపర్లు ఒకసారి ఆడించింది, మళ్ళీ ఆపింది, మరి ఆ తుపాను రోజు నాకెందుకు తియ్యలేదండీ అని అడిగేశాను అంది, దానికాయన నవ్వాడు, కట్టుడు పళ్ళు పెట్టుకోలేదు ఇవాళ, తీద్దామనే గడియ దాకా వచ్చానమ్మాయ్, వేరేవాళ్ళకి తీశానని తెలిస్తే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఆగాను, నన్ను చూసుకోవడం తనకి అవసరంలే అనుకున్నాను, అన్నాడు, అది చెప్పి రెనే బండి తీసింది.

చిన్నబుచ్చుకుంటుందని, ఆకలితో కూర్చున్నాడు ఆ రోజు సాయంత్రం దాకా, తను నడుం లోతు మంచులో వచ్చి చప్పట్లు కొట్టించుకోవడానికి, ఆర్విడ్ ఒక్కడేనా, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో మిర్నాకి తెలిసినా రోజూ గరిటె పట్టుకుని వచ్చి నువ్వు చూడు అనేది, రెనే పదకొండేళ్ళు పక్క సీటులో కూర్చుంది, తను దారి చెప్తుంటే తెలియనట్టు వింది, హారియెట్ ప్రతి సమావేశంలో లోర్నా ఏమంటుందో అని ఆగేది, అందరికీ తెలుసు, అందరూ మెల్లగా, ప్రేమగా, ఆమె లేకపోతే సాగదన్నట్టు నటిస్తూ వచ్చారు, కోపం రావాలి, రాలేదు, కళ్ళలోంచి వేడిగా ఏదో దిగింది, నవంబరు నుంచి రానిది, తుడుచుకోలేదు, పక్కన పెట్టెల్లో పదకొండు భోజనాలు, వాటిని ఎవరిస్తారో, ఏ సందులోంచి వెళ్తారో వాళ్ళకి తెలుసు, తెలియకపోతే తెలుసుకుంటారు, ఇన్నాళ్ళూ ఈ ఊరి ముసలివాళ్ళని తను మోస్తున్నాననుకుంది, వాళ్ళే, పనివాళ్ళతో సహా అందరూ కలిసి, అలిసిపోయిన ఒక మనిషిని నొప్పించకుండా మోస్తూ వచ్చారు, వాళ్ళ చేతులు నొప్పి పుట్టాయి కాబట్టే కాదు, తను కిందికి దిగి నడవగలదో లేదో చూసుకోవాలి కాబట్టి కూడా వెళ్తుంది, మార్చి ఒకటిన, తప్పకుండా.