ఎనిమిది మగ్గాలు ఆగిన బుధవారం

నా పేరు శశికళ. ఈ పేరు మీద పదకొండు అబద్ధాలున్నాయి. అన్నీ నేనే, నెలకొకటి చొప్పున, ఒళ్ళు తెలిసి రాసినవి.

తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై దాటాక రోడ్డు పక్కన మా మామ గోవిందరాజుకి ఎనిమిది పవర్‌లూమ్‌ల షెడ్డు ఉంది. ప్రతి మగ్గం నెత్తిన ఒక జకార్డు పెట్టె. కొంగులో పువ్వు పడాలంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో ఆ పెట్టె చూసుకుంటుంది. ఎనిమిది పెట్టెలకీ పని చెప్పేది ఆఫీసు గదిలోని ఒకే ఒక్క కంప్యూటర్. దానికి కాపలా నేను. పెళ్ళికి ముందు తిరువళ్ళూరులో ఒక కంపెనీలో మూడువందల కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఆ మూడువందలూ కలిసి కూడా నన్ను ఇంత ఏడిపించలేదు.

కంప్యూటర్‌లో దొంగలు దూరే సందులు ఎప్పుడూ ఉంటాయి. ఆ నెల బయటపడ్డ సందుల్ని పూడ్చే అప్‌డేట్ నెలలో రెండో మంగళవారం అమెరికాలో వదులుతారు. మన దగ్గరికి వచ్చేసరికి బుధవారం పొద్దున అవుతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పూడ్చే మందు బయటికొచ్చిన రోజే, సందు ఎక్కడుందో కూడా ఊరంతా దండోరా వేసినట్టవుతుంది. పూడ్చుకున్నవాళ్ళు నిద్రపోవచ్చు. పూడ్చుకోనివాళ్ళ ఇంటికి దొంగ దారి అడక్కుండా వచ్చేస్తాడు. నేను పద్నాలుగు నెలలుగా పూడ్చుకోలేదు.

పూడ్చుకోకపోవడానికి కారణం తల లేని నెమళ్ళు. పద్నాలుగు నెలల కిందట ఒక బుధవారం, మగ్గాలు ఆడుతుండగా అప్‌డేట్ దానంతటది వచ్చి, కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ లేపింది. ఎనిమిది చీరల కొంగుల్లో నెమళ్ళకి మెడ వరకూ పడి తలలు పడలేదు. మామ ఆ చీరల్ని వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. ఆ రోజే నేను అప్‌డేట్‌ని వెనక్కి తీసేసి, ఇక నేను చెప్పందే రాకుండా కట్టేశాను.

"పడుగు మీదుండంగా మగ్గం సామాను మార్చగూడదమ్మా. మా నాయన కాలం నించీ ఉండే మాట. కంప్యూటరైతే ఏంది, అదీ మగ్గం సామానే గదా," అన్నాడు మామ.

"సరే మామా. పడుగు అయిపోయినాక చేస్తాను."

"ఆమా, అప్పరం చేసుకో, అయినాకనే."

నేతపని ఇంట్లో పుట్టినదాన్నే అయినా, ఏ ఉచ్చులో కాలు పెట్టానో అప్పుడు తెలియలేదు. మగ్గం మీద నిలువుగా బిగించే పోగులే పడుగు, అది ఎప్పుడూ అయిపోదు. పాత పడుగు చివరికొచ్చేసరికి జానెడు తోక వదిలేసి, పోగులు అతికే ఏకాంబరమన్న వచ్చి కూర్చుంటాడు. కొత్త పడుగులోని ఒక్కో పోగునీ పాత తోకలోని ఒక్కో పోగుతో మెలిపెట్టి అతుకుతాడు. వేల పోగులు. అది అయ్యేసరికి పక్క మగ్గం పడుగు నడిమధ్యలో ఉంటుంది. ఎనిమిది మగ్గాలకీ ఎనిమిది తేదీలు, అన్నిటికీ కలిపి ఒకటే కంప్యూటర్. ఎనిమిదీ కలిసి ఆగేది ఏడాదికి ఒక్క ఆయుధపూజకే. ఆ రోజు కంప్యూటర్‌కీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ పెడతారు. పూజలో ఉన్న సామాను ముట్టుకుంటే పాపం. అదికాక ఇంట్లో ఎవరైనా పోతే ఆగుతాయి. అంతకు తెగించలేదు నేను.

ఈ పిచ్చిలోకి చెన్నై వాళ్ళ ఫారం వచ్చి పడింది. మేము నేసేదంతా చెన్నైలోని ఒక చీరల కంపెనీకే. డిజైన్లు వాళ్ళే ఇంటర్నెట్‌లో పంపుతారు, ఏ చీర ఎంతవరకు వచ్చిందో వాళ్ళకి అక్కడ కనబడుతూ ఉండాలి. అందుకే ఇంటర్నెట్ తీగ పీకెయ్యడానికీ లేదు. పదకొండు నెలల కిందట వాళ్ళు ప్రతి షెడ్డూ నెలనెలా ఒక ఫారం నింపాలన్నారు. ఈ నెల అప్‌డేట్ చేశారా, అవునా లేదా, పేరు, ఫోన్ నంబరు. పైన రాసింది నిజం కాకపోతే వచ్చే నష్టానికి పేరు రాసినవారే బాధ్యులని అడుగున ఒక వాక్యం.

"అవునని పెట్టమ్మా. వాళ్ళేం వచ్చి చూస్తారా?" అన్నాడు మామ.

"మీ పేరు పెట్టనా మామా?"

"నాకెందుకమ్మా, అది చదవను గూడా రాదు నాకు. నీ పేరే పెట్టు."

పెట్టాను. ఆ రోజు నుంచి పొద్దున కంప్యూటర్ తెరిచే ముందు ఆ అడుగు వాక్యమే గుర్తొస్తుంది. మా సందులోంచి ఎవడైనా దూరి చెన్నై వాళ్ళ దాకా వెళితే, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది శశికళ కోసమే. మా ఆయన విఘ్నేష్‌తో చెప్పుకున్నాను. ఆయన తిరువళ్ళూరు టైల్స్ షాపులో పని, ఏడుగంటల రైలుకి పోయే మనిషి. "నాయన మాట కాదనలేను, నీ మాట తప్పనలేను," అని చెప్పులేసుకున్నాడు. గోడ మీది పిల్లిని కట్టుకున్నానని నాకు ముందే తెలుసు.

ఆరు అబద్ధాలయ్యాక ఒక ఉపాయం తట్టింది. పడుగు చుట్టిన బీమ్‌లకి ఫోన్‌లో ఆర్డర్ చెప్పేది నేనే. ఏ మగ్గం రోజుకెంత నేస్తుందో కంప్యూటర్‌లో ఉంటుంది. ఒకదానికి పొట్టి పడుగు, ఒకదానికి పొడుగు పడుగు చెప్పుకుంటూ పోతే, ఎనిమిది పడుగులూ ఒకే రోజున అయిపోయేలా చెయ్యొచ్చు. అదీ రెండో మంగళవారం మర్నాడే. ఐదు నెలలు పట్టింది. పోగులు తెగి ఒకటి వెనకబడితే, ఇంకోదాని బీమ్ పొడుగు పెంచాను.

"ఏందమ్మా ఈ తూరి బీమ్ ఇంత పొట్టిగా ఉండాది?" అని మామ అడిగితే, "నూలు తక్కువొచ్చిందంట మామా," అన్నాను. అబద్ధాలకి అలవాటు పడ్డ నోరు కదా. ఏకాంబరమన్న మాత్రం చివరి వారంలో పసిగట్టేశాడు. "ఎనిమిదీ ఒక్క దినమే వస్తాండాయే పాపా," అని నా మొహం ఒకసారి చూసి, మళ్ళీ పోగుల మీదికి వంగాడు.

ఆ బుధవారం తొమ్మిదిన్నరకి ఎనిమిదో మగ్గం ఆగింది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది. నాకు పెళ్ళై తొమ్మిదేళ్ళు, మామూలు రోజున అంత నిశ్శబ్దం అక్కడ ఎప్పుడూ వినలేదు. ఇంట్లోంచి మామ చొక్కా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరికేమయింది?"

"ఎవరికీ ఏమీ కాలేదు మామా. పడుగులన్నీ అయిపోయినాయి. ఇప్పుడు కంప్యూటర్ పని చేసుకుంటాను. మీరన్నట్టే, మీద పడుగు లేకుండా."

ఆయన ఎనిమిది మగ్గాలనీ, నన్నూ మార్చి మార్చి చూసి, గడప మీద కూలబడ్డాడు. నేను పద్నాలుగు నెలల అప్‌డేట్‌లనీ ఒక్కసారిగా లోపలికి వదిలాను. గంట పట్టింది. కంప్యూటర్ ఆగి, లేచింది. లోపల ఒక్క సందు లేదని ఆకుపచ్చ గుర్తు చూపించింది. తిరుత్తణి కొండ మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కి మొక్కు తీర్చుకున్నంత హాయిగా ఉంది నాకు. అప్పుడు జకార్డు ప్రోగ్రామ్ తెరిచాను.

బొమ్మ కనబడింది, మాయమైంది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మాయమైంది. ఆపి లేపాను, తీసి ఎక్కించాను, ఎన్ని చేసినా అంతే. అది చేసిన కంపెనీ మూతపడి నాలుగేళ్ళు. మధ్యాహ్నానికి నాకు అర్థమైంది. మా ప్రోగ్రామ్ ఆ ఎనిమిది పెట్టెలతో మాట్లాడే దారే ఒక సందు. లోకం దాన్ని ఎప్పుడో పూడ్చేసింది. దొంగ వచ్చే దారీ మా అన్నం వచ్చే దారీ ఒకటే. కొత్త ప్రోగ్రామ్ కావాలంటే ఎనిమిది పెట్టెలూ కొత్తవి కావాలి, అది మా వల్ల కాదు.

నాకు మండిపోయింది నా మీదే. ఆ నెమళ్ళ తలలు పోయింది నడిమధ్యలో ఆగడం వల్ల. సరే. కానీ ఆ రోజు నేను అప్‌డేట్‌ని తీశాకే ప్రోగ్రామ్ తెరిచాను, అది ఉండగా తెరిచి చూడనే లేదు. పడుగు మీదుండగా ముట్టుకున్నందుకే ఇలా అయిందని మామ అన్నాడు, తలకాయ ఊపాను. మూడువందల కంప్యూటర్లు చూసినదాన్ని, తప్పు పడుగుదే అని నమ్మి, పడుగులు ఎప్పుడు అయిపోతాయా అని ఐదు నెలలు కాచుక్కూర్చున్నాను. నేత తెలియని ఊళ్ళో పుట్టి ఉంటే ఒక్క సాయంత్రంలో తేల్చుకునేదాన్ని.

"తోక ఉండాది గదమ్మా. తోక ఉంటే పడుగు ఉన్నెట్లే," అన్నాడు మామ నెమ్మదిగా. ఒక్క క్షణం, ఈయనే రైటేమో అనిపించింది కూడా. అంతలో ఆయనే మళ్ళీ, "ఇప్పుడైతే ఆ అప్‌డేటు లోపల ఉండాది గదా? ఇప్పుడే ఆ కాయితం తెరిచి అవునని పెట్టెయ్. అది అబద్ధం గాదు. పెట్టి, అప్పరం తీసెయ్," అన్నాడు.

మామ తెలివికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆయన కాఫీకి లోపలికి వెళ్ళాక అప్‌డేట్‌లన్నీ వెనక్కి తీసేశాను. ప్రోగ్రామ్ చక్కగా తెరుచుకుంది. ఆ తరువాత ఫారం తెరిచి 'లేదు' అని పెట్టాను. ఎందుకు లేదో కూడా ఉన్నదున్నట్టు రాసి, నా పేరు రాసి, పంపేశాను. మామకి చెప్పలేదు.

ఏకాంబరమన్న ఇంకో ఇద్దరిని తెచ్చుకుని నాలుగు రోజుల్లో అన్ని మగ్గాలూ అతికాడు. మళ్ళీ చప్పుడు మొదలైంది. నేను మాత్రం ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాను. ఏ రోజున డిజైన్లు ఆగిపోతాయో, ఏ రోజున షెడ్డులో పనిచేసే ఈ పదహారు మంది నా మొహం చూస్తారో అని. పంతొమ్మిది రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఉండబట్టలేక ఒక సోమవారం పొద్దున చెన్నై ఆఫీసులో ఆ ఫారాలు చూసే అరవిందన్‌కి నేనే ఫోన్ చేశాను. పాండూరు అబ్బాయి, తెలుగువాడే. నా ఫారం అందిందా అని అడిగాను.

"అదా అక్కా? దాన్ని ఎవరూ చదవరక్కా," అన్నాడు అరవిందన్. "పేరు, నంబరు ఖాళీగా ఉంటే ఎర్రగా వస్తాది. నింపింటే సరి. రెండువందల షెడ్లు ఉండాయి, ఒక్కొక్కటి యాడ చదివేది?"

"పదకొండు నెలలుగా రాసిందీ చదవలేదా?"

"లేదక్కా. ఉండండి, ఇప్పుడు తీస్తా." కీబోర్డు చప్పుడు వినబడింది. "ఏందక్కా ఇట్ల రాసినారు?"

"నిజమే రాసినా."

"నిజమేనక్కా. దీన్ని నేను చూడకుండా ఉండింటే బాగుండు. చూసేసినాక పైకి పంపకుండా ఉండలేను, నా ఉద్యోగం పోతాది. పంపితే మీ షెడ్డుకి ఈ పూటే డిజైన్లు ఆపేస్తారు." ఆ అబ్బాయి గొంతు తగ్గించాడు. "ఒక గంట ఫారం తెరిచి పెడ్తానక్కా. మార్చేయండి. మారిస్తే నేనేం చూళ్ళేదు."

ఫోన్ పెట్టేశాను. కొరివితో తల గోక్కున్నాను, ఎవరినీ అనడానికి లేదు. ఊరుకుని ఉంటే నా 'లేదు' ఏ దుమ్ములోనో పడి ఉండేది. నాకే, నిజం చెప్పినదాన్ని ఎవరైనా గుర్తించాలని దురద.

మామ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, తెర మీద ఫారం చూశాడు. "ఏందమ్మా అది?" అన్నాడు. ఇక దాచే ఓపిక లేదు. 'లేదు' అని రాసిందీ, గంట టైమూ, పదకొండు నెలలుగా ఆ అడుగు వాక్యం చూసి నేను పడ్డ భయమూ, ఎవడైనా దూరితే జైలుకి పోయేది నేనేననీ అంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. ఆయన గ్లాసు కింద పెట్టి వింటూ నిలబడ్డాడు.

"జైలని నాకు చెప్పలేదే నువ్వు."

"చెప్తే ఏం చేసేవాళ్ళు మామా?"

ఆయన షెడ్డు వైపు చూశాడు. తరువాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"అవునని మార్చమ్మా. మగ్గాలు ఆపలేను నేను. పేరు మాత్రం నీది తీసెయ్. నాది పెట్టు."

"వద్దు మామా."

"ఆ పదకొండిటికీ గూడా నేనే పెట్టమన్నానని, కింద జాగా ఉంటే రాయి. నీకు పిల్లలుండారు. నాకేముంది, అరవై ఎనిమిదేండ్లు." ఆయన వేలు తెర మీద పెట్టాడు. "పేరు పెట్టేది ఇక్కడనేనా?"

పదిహేను నిమిషాలే మిగిలి ఉన్నాయి. నేను వద్దంటే ఆగేది ఎనిమిది మగ్గాలు. సరేనంటే ఇరుక్కునేది ఈ ముసలాయన. 'లేదు'నీ, దాని కింద రాసిన కారణాన్నీ తీసేసి 'అవును' పెట్టి, నా పేరు చెరిపి, ఇంగ్లీషులో ఆయన పేరు ఒక్కో అక్షరమే కొట్టాను. ఆయన తనకి రాని అక్షరాలని కళ్ళు చికిలించి చూస్తూ, "సరిగ్గానే వచ్చిందా?" అని రెండుసార్లు అడిగాడు. సరిగ్గానే వచ్చిందన్నాను. పంపేశాను.

"ఇంక నీకు భయం లేదు పో," అని నా తల మీద చెయ్యి పెట్టి, చల్లారిన టీ తాగేసి, మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పదకొండు నెలలు నా గురించి భయపడ్డాను. ఆ భయమే నయం. ఇప్పుడు పొద్దున కంప్యూటర్ తెరిచే ముందు, షెడ్డులో దారం ముక్కలు ఏరుతున్న ఆయన్ని చూసి తెరవాలి. వచ్చే అప్‌డేట్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది.